పర్‌స్పెక్టివ్‌లో బాక్సులు గీస్తన్నా, ఏ గీత తప్పిందో ఎవరూ చెప్పట్లేదు

లంకకుర్రోడు
డ్రాఅబాక్స్ అని ఫ్రీగా డ్రాయింగ్ నేర్పే సైటుంది కదా, అందులో మొదటి పాఠం అయ్యాక పర్‌స్పెక్టివ్‌లో, అంటే దూరం దగ్గర కంటికి కనపడ్డట్టే, 250 బాక్సులు గీయమంటారు, స్కేలు లేకుండా చేత్తోనే, ఒక్కోటీ ఒక్కో వైపు తిరిగి గాల్లో ఉన్నట్టు. సగం దాకా వచ్చా. మొదట్లో వాటికీ ఇప్పటివాటికీ తేడా బానే ఉంది కానీ ఈ మధ్య ఒకచోటే ఆగిపోయా, వెనక మూల దగ్గర మూడు గీతలు కలవాలి కదా, ఎంత జాగర్తగా గీసినా ఒకటి అటు పోద్ది ఒకటి ఇటు పోద్ది. ఓ పెద్ద గ్రూపులో ఫోటో పెట్టి ఎక్కడ తప్పో చెప్పండి అనడిగితే సగం మంది "కేక బ్రో", మిగతావాళ్ళు "ముందు బేసిక్స్ నేర్చుకో". బేసిక్స్ నేర్చుకోడానికే కదండీ ఇవన్నీ గీస్తన్నా! ఒకాయనైతే "నీకు రాదు, వదిలెయ్" అన్నాడు, దానికి బోల్డు లైకులు. పొగడక్కర్లేదు, తిట్టినా పర్లేదు, ఏ గీత తప్పిందో చెప్పండి చాలు. పేజీ పెడతన్నా, ఆరు బాక్సులున్నాయి.

గోదారిగట్టు
గీతలు వెనక్కి పొడిగించి, ఒకచోట కలుస్తున్నాయో లేదో చూసుకున్నావా? ఇందులో రంగు గీతలు కనపడట్లా.

లంకకుర్రోడు
రెండో ఫోటోలో ఉన్నాయండి, ఎర్ర పెన్నుతో. లోడవ్వడానికి టైం పడతంది, మా గోదారి లంకలో సిగ్నల్ అంతే.

కాకినాడకాజా
కింద వరస చివరి బాక్సు చూస్తే పూతరేకుల డబ్బా మీద ఎవరో కూర్చున్నట్టుంది 😄

గోదారిగట్టు
@కాకినాడకాజా నవ్వొచ్చింది గానీ, కూర్చున్నట్టు ఎందుకుందో కూడా చెప్పు మరి. ఆ కుర్రాడు అడిగింది అదే.

కాకినాడకాజా
చెప్తానండీ, ఆఫీసులో ఉన్నా, సాయంత్రం పెద్ద స్క్రీన్ మీద చూసి చెప్తా.

పద్మగీతలు
ఆరింటినీ చూశా తమ్ముడూ. ముందు బాగున్నదేంటో చెప్తా, ఎందుకంటే అది నువ్వు మార్చకూడదు కాబట్టి. గీతలు వణకట్లేదు. రెండు చుక్కలు పెట్టుకుని, పెన్ను కాగితానికి తగలకుండా గాల్లో ఆడించి, ఒక్క ఊపులో లాగుతున్నావని తెలుస్తోంది. చెయ్యి మణికట్టు దగ్గర కాకుండా భుజం నుంచి కదులుతోంది. అది అలాగే ఉంచు.

ఇక తప్పు సంగతి. బాక్సుకి 12 అంచులు, నాలుగేసి చొప్పున మూడు జట్లు. ఒక జట్టులో నాలుగూ అసలు వస్తువులో సమాంతరంగా ఉంటాయి కాబట్టి కాగితం మీద నాలుగూ ఒకే బిందువు వైపుకి వెళ్ళాలి. నువ్వు రెండేసి చూసుకుంటున్నావ్. పై వరస కుడి చివర బాక్సు తీసుకో, ఎడం వైపుకి పోయే జట్టులో నీ ఎర్ర గీతలు చూడు, పై రెండూ ఒకచోట కలిశాయి, కింద రెండూ దానికి బెత్తెడు దూరంలో ఇంకోచోట కలిశాయి. ఒక్కో ముఖాన్ని విడిగా చూస్తే సరిగ్గానే ఉంటుంది, అందుకే గీసేటప్పుడు నీకు దొరకదు. పై వరస మధ్యదాంట్లోనూ, కింద మొదటిదాంట్లోనూ ఇదే.

వెనక మూలని పట్టుకుని బాధపడకు. అక్కడికి చేరేసరికి తొమ్మిది గీతలు గీసేసి ఉంటావ్, ఏడు మూలలు అయిపోయుంటాయి, మిగిలిన మూడు గీతలూ ఆ ఎనిమిదో మూలలో కలవాలి. ముందు తొమ్మిదింట్లో ఉన్న చిన్న చిన్న తేడాలన్నీ అక్కడొచ్చి బయటపడతాయి. ఆఖరి గీతని బలవంతంగా వంచి మూలకి అతికిస్తే ఆ ఒక్క మూల సరిపోద్ది, ఆ గీత తన జట్టు నుంచి తప్పుకుంటుంది. కలవకపోతే కలవనీ.

వచ్చే పేజీకి ఒక్కటే పని. రెండో చుక్క పెట్టే ముందు పక్క గీత ఒక్కదాన్నే చూడకుండా ఆ జట్టులో నాలుగింటినీ చూడు, ఇంకా గీయనివాటిని కూడా ఊహించుకో. కలిసే బిందువు దూరంగా ఉన్న బాక్సుల్లో జట్టు మధ్యలో ఉండే రెండు గీతలూ దాదాపు సమాంతరంగా ఉంటాయి, వాటి మధ్య కోణం అంత చిన్నది. అది గుర్తుపెట్టుకుంటే చాలావరకు దారిలో పడుద్ది. ఇంకా రెండు మూడున్నాయి గానీ ఇప్పుడు చెప్పను, అన్నీ ఒకేసారి చూసుకోలేవు.

లంకకుర్రోడు
అక్కా ఇది కావాల్సింది నాకు! ఎర్ర గీతలు నేనే గీశా గానీ రెండుచోట్ల కలుస్తన్నాయని ఇప్పుడే చూశా. మూడు నాలుగు పేజీలు వెనక్కి తిప్పా, అన్నిట్లోనూ అంతే.

సివిల్‌సుబ్బు
ఇంత కష్టమెందుకండీ, సెట్‌స్క్వేర్ పెట్టి 30 డిగ్రీల్లో అటోటి ఇటోటి లాగితే బాక్సు రెడీ. మేం డిప్లొమాలో ఎన్ని షీట్లు లాగామో. స్కేలుండగా చేత్తో గీయడం దేనికో నాకైతే అర్థం కాదు.

డ్రాయింగ్‌మాస్టారు
సుబ్బు గారూ, మీరు చెప్పేది ఐసోమెట్రిక్. అందులో ముందు అంచూ వెనక అంచూ ఒకే కొలత, గీతలు ఎంత దూరం పొడిగించినా కలవవు. మేస్త్రీకి కొలత కావాలి కాబట్టి మీ పనికి అదే సరైనది, దాన్ని తక్కువ చెయ్యను. కంటికి మాత్రం లోకం అలా కనపడదు. రాజమండ్రిలో హేవలాక్ బ్రిడ్జి ఉంది, 1900లో తెరిచారు, 56 స్పాన్లు. గట్టు మీద బ్రిడ్జి మొదట్లో నిలబడి కొవ్వూరు వైపుకి చూడండి. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం కట్టినవాళ్ళు మార్చలేదు, కానీ మొదటి స్పాను మీ కంటికి ఎంత వెడల్పుగా ఆనుతుందో, నది మధ్యకి వెళ్ళేసరికి దాంట్లో పదో వంతు కూడా ఉండదు. ఐసోమెట్రిక్‌లో గీస్తే 56 స్పాన్లూ ఒకే వెడల్పులో వస్తాయి, అది బ్రిడ్జి ప్లాను అవుద్ది, మనం చూసిన బ్రిడ్జి అవ్వదు.

చేత్తో ఎందుకంటే, స్కేలు పెట్టి గీసినప్పుడు గీత ఎటు పోవాలో నిర్ణయించేది స్కేలూ సెట్‌స్క్వేరూ. ఇక్కడ తయారవ్వాల్సింది ఆ నిర్ణయం తీసుకునే కన్ను. సరిచూసుకునే ఎర్ర గీతలకి కావాలంటే స్కేలు పెట్టుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

సివిల్‌సుబ్బు
బ్రిడ్జి సంగతి ఒప్పుకుంటా మాస్టారూ. స్కేలు విషయంలో మాత్రం మీరు మీరే నేను నేనే.

కొబ్బరిమట్ట
నాకసలు డౌటేంటంటే ఈ 250 డబ్బాల గోల మనకెందుకని. కలంకారీలో ఎక్కడుందండీ వానిషింగ్ పాయింటు? బాపు గారు 1933లో పుట్టింది మన నరసాపురంలోనే, ఆయన బొమ్మ చూసి గీతలు ఎక్కడ కలుస్తున్నాయని ఎవరైనా అడిగారా? ఈ లెక్క ఇటలీవాళ్ళది, ఆల్బెర్టి అని ఆయన 1435లో రాసి పెట్టాడు, అప్పట్నుంచీ అందరూ అదే పాట. కుర్రాడు పొద్దున్నే కాలవ గట్టు మీద కూర్చుని కొబ్బరి చెట్లు వేసుకుంటే చెయ్యీ తిరుగుద్ది మనసూ బాగుంటది.

గోదారిగట్టు
అక్కర్లేనివాళ్ళు మానేయొచ్చు, నేనూ అదే అంటా. కానీ నేర్చుకుంటే మనది పోద్దనే మాట ఒప్పుకోను. చిత్రకారుడు దామెర్ల రామారావు గారిది రాజమండ్రి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్ళి చదువుకున్నాడు. అక్కడ నేర్పింది పడమటి పద్ధతే. అయినా తిరిగొచ్చి వేసిన బొమ్మలు మన మనుషులవీ మన కథలవీ. 1925లో పోయేనాటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన పేరు మీదే ఊళ్ళో గ్యాలరీ ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. చదువు ఆయన్ని మింగెయ్యలేదు కదా.

అయినా మనం మనం కొట్టుకోవడం దేనికి, ఏం గీయాలనుందో కుర్రాణ్ణే అడుగుదాం.

లంకకుర్రోడు
గోదారి దాటించే పంటు గీయాలని ఉందండి. ట్రాక్టరూ, రెండు బైకులూ, గడ్డి మోపులూ ఎక్కించుకుని రేవు నుంచి బయల్దేరినప్పుడు ఎలా ఉంటదో అలా. తర్వాత మా తాతగారి మండువా లోగిలి, మధ్యలో వాన పడే చోటుతో సహా. రెండూ ట్రై చేసా, పంటు మీద ట్రాక్టర్ నిలబడట్లా, పక్కకి జారిపోతన్నట్టు వస్తంది.

డ్రాయింగ్‌మాస్టారు
పంటు అంటే పల్చటి బాక్సే బాబూ. దాని మీద ట్రాక్టర్ ఇంకో బాక్సు. ట్రాక్టర్ బారు పంటు బారు వెంటే ఉంటే దాని పక్క గీతలు కూడా పంటు గీతలు కలిసే బిందువుకే పోవాలి. నువ్వు రెండూ విడివిడిగా గీసి ఒకదాని మీద ఒకటి పెట్టుంటావ్. ముందు ట్రాక్టర్ ఊసెత్తకుండా అది ఆనే నాలుగు చక్రాల చోటుని పంటు మీద నాలుగు పలకల చాపలా గీసి, దాన్నుంచి పైకి లేపు.

కొబ్బరిమట్ట
పంటు గీయడానికైతే సరే, వెనక్కి తీసుకుంటన్నా. పంటు బొమ్మ అయ్యాక ఇక్కడ పెట్టాలి మరి.

రాత్రిషిఫ్ట్
ఒక మాట వేరుగా చెప్తా, కోపగించుకోకండి. నేను గేమ్ స్టూడియోలో ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టుని, మాది భీమవరం పక్కన. మా దగ్గర రివ్యూ అంటే పదిహేను నిమిషాలు, "ఇది తప్పు, ఇది తప్పు, రేపటికి మార్చు", అంతే. ముందు బాగున్నదేంటో చెప్పాలి అనే పద్ధతి నాకు ఎక్కదు. పొగిడితే జనం అక్కడే ఆగి మిగతాది వినరు. కుర్రాడే తిట్టినా పర్లేదన్నాడు కదా.

పద్మగీతలు
@రాత్రిషిఫ్ట్ నేను చెప్పింది పొగడ్త కాదండి, సమాచారం. గీత వణకట్లేదని అతనికి తెలీకపోతే ఏం చేస్తాడు, ఎక్కడో తప్పుందంటున్నారు కదా అని చెయ్యి పట్టే తీరు మార్చేస్తాడు, బాగున్నది కూడా పాడవుతుంది. మీ స్టూడియోలో ఉన్నవాళ్ళకి తమకేం వచ్చో తెలుసు. మొదలెట్టినవాళ్ళకి ఏది వచ్చో ఏది రాదో కూడా తెలీదు, తేడా అక్కడుంది.

పాలకొల్లుసరోజ
నేను బొమ్మలు వెయ్యను, మా పాప కోసం ఇవన్నీ చదువుతా. ఎనిమిదో తరగతప్పుడు ఇల్లు బొమ్మ వేసి ముచ్చటపడి ఒక గ్రూపులో పెట్టమంది, పెట్టా. "ఇల్లు కూలిపోతోంది పారిపోండి" అనొకరు, దాని కింద నవ్వే బొమ్మలు వరసగా. ఒక్కరు కూడా ఎందుకు కూలిపోతున్నట్టుందో చెప్పలేదు. పిల్ల ఆ తర్వాత చాన్నాళ్ళు పుస్తకం ముట్టుకోలేదు. సంక్రాంతికి మా తమ్ముడొచ్చి చూసి రెండు నిమిషాల్లో చెప్పాడండీ. ముందు గోడ అడుగూ పక్క గోడ అడుగూ రెండూ ఒకే అడ్డగీత మీద పెట్టేసింది, పక్క గోడ అడుగు గీత మూల దగ్గర్నుంచి ఏటవాలుగా పైకి పోవాలంట. వాకిట్లోకి తీసుకెళ్ళి ఇంటి మూలకి ఎదురుగా నిలబెట్టి, చేతిలో చీపురుపుల్ల అడ్డంగా పట్టుకుని గోడ అడుగుతో పోల్చి చూడమన్నాడు. అదే చూసి అదే దిద్దుకుంది. రెండు నిమిషాల మాట అంతమందిలో ఒక్కరికి రాలేదంటే నాకిప్పటికీ కష్టంగానే ఉంటది.

రాత్రిషిఫ్ట్
అలా చేయడం తప్పేనండీ, దాన్ని నేను సమర్థించట్లేదు. గట్టిగా చెప్పడం వేరు, పనికిరాకుండా చెప్పడం వేరు. "కూలిపోతోంది" అన్నవాడు గట్టిగానూ చెప్పలేదు, మెత్తగానూ చెప్పలేదు, అసలేం చెప్పలేదు. "కేక బ్రో" కూడా నా దృష్టిలో అంతే. కానీ తప్పు ముందు చెప్పాలనే మాట మీదే ఉంటా నేను.

డ్రాయింగ్‌మాస్టారు
సరోజమ్మా, మీ తమ్ముడికి మంచి కన్నుంది. బడిలో ఉన్నన్నాళ్ళూ నేను పెట్టుకున్న పద్ధతి ఒకటి చెప్తా. పిల్లల బొమ్మ మీద నా పెన్సిలు పెట్టేవాణ్ణి కాదు. మీద దిద్దితే ఆ బొమ్మ నాదైపోద్ది, వాళ్ళు ఇంక దాన్ని చూడరు. పక్కన ఖాళీలో చిన్నగా, అగ్గిపెట్టంత, ఆ తప్పు ఉన్న ముక్క ఒక్కటే వేసి చూపించేవాణ్ణి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి వెళ్ళే పెద్ద పిల్లలకైతే ట్రేసింగ్ పేపర్ వేసి దాని మీద గీతలు పొడిగించమనేవాణ్ణి. ఇప్పుడు ఫోన్లోనే ఫోటో మీద లేయర్ పెట్టుకోవచ్చు కాబట్టి ఇంకా తేలిక. ఇక్కడ సలహా ఇచ్చేవాళ్ళు "కన్వర్జెన్స్ బాలేదు" (గీతలు ఒకచోటికి రావట్లేదు) అని రాసే బదులు ఫోటో మీద నాలుగు గీతలు లాగి పెట్టండి, మాటలే అక్కర్లేదు.

ఇటుకబట్టీబాబి
మాకు గోదారి పక్కన బట్టీ ఉంది, చిన్నప్పట్నుంచీ చుట్టూ బాక్సులే 😀 ఒక ఇటుక తెచ్చి బల్ల మీద పెట్టుకుని ఒక కన్ను మూసి చూడు లంకకుర్రోడూ. మూల నీ వైపుకి తిప్పితే మూడు ముఖాలు కనపడతాయి. తల కదపకుండా ఇటుకని మెల్లగా పైకి లేపు. పై ముఖం సన్నబడి సన్నబడి, కంటి ఎత్తుకి రాగానే ఒక గీతై పోద్ది, ఇంకా లేపితే అడుగు ముఖం కనపడుద్ది. పుస్తకాల్లో హొరైజన్ లైన్ అంటారే అది నీ కంటి ఎత్తే. ఇది చేత్తో చూశాక నాకు చదివిందంతా తలకెక్కింది.

ఇంకోటి, అంచులు ఎంత త్వరగా కలుస్తాయనేది నువ్వెంత దగ్గరున్నావనే దాన్ని బట్టి ఉంటది. మొహం దగ్గర పెట్టుకుంటే అదే ఇటుక పెద్ద గోడౌన్ అయిపోద్ది, గది అవతల పెడితే అంచులు ఇంచుమించు సమాంతరం. నీ పేజీలో అన్నీ ఒకే రకంగా, దూరంగా ఉన్నట్టున్నాయి. కొన్ని దగ్గరవి కూడా గీయి.

సివిల్‌సుబ్బు
బాబి చెప్పింది ఫోన్లో కూడా తెలుస్తుంది. అగ్గిపెట్టెని జానెడు దూరం నుంచి ఒక ఫోటో, నాలుగడుగులు వెనక్కెళ్ళి జూమ్ చేసి ఒక ఫోటో తీసి పక్కపక్కన పెట్టండి. రెండోది నా ఐసోమెట్రిక్‌కి దగ్గరగా ఉంటుంది 🙂

కాకినాడకాజా
వచ్చా. ఆ ఆఖరి బాక్సు సంగతి: ముందు మూల దగ్గర మూడు గీతలు వై ఆకారంలో కలుస్తాయి కదా, అక్కడ మూడు కోణాలున్నాయి. మూడు ముఖాలూ కనపడే బాక్సులో ఆ మూడూ 90 డిగ్రీలకి పైనే ఉండాలి. నీ దాంట్లో పై ముఖం వైపు కోణం 80 ఉంటదేమో. అందుకే మిగతా గీతలు ఎంత సరిగా గీసినా పైనుంచి నొక్కేసినట్టు కనపడతంది. అది మొదటి మూడు గీతల్లోనే పాడైంది, తర్వాత నువ్వేం చేసినా బాగవ్వదు. వై గీయగానే ఆగి మూడు కోణాలూ చూసుకో, ఒకటి బిగుసుకుపోయుంటే అక్కడే వదిలేసి కొత్తది మొదలెట్టు. నీ ఫోటో మీద పచ్చ గీతలు వేసి పెట్టా, చూడు.

లంకకుర్రోడు
@కాకినాడకాజా అర్థమైంది అన్నా, పచ్చ గీతలు బాగా పనికొచ్చాయి. @ఇటుకబట్టీబాబి ఇటుక దొరకలేదు, మా అమ్మ పోపుల డబ్బా ఇవ్వనంది, అగ్గిపెట్టెతో చూశా, కంటి ఎత్తు దగ్గర నిజంగానే గీతైపోయింది.

గోదారిగట్టు
పోపుల డబ్బా మూతతో పర్‌స్పెక్టివ్ నేర్చుకుంటే ఆవాలు కూడా ఒకే బిందువుకి పోతాయి, ఇవ్వకపోవడమే మంచిది 😄

ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఆ సైటు వాళ్ళే చెప్తారు, గీసే టైములో సగం నీకు నచ్చినవి గీసుకోవడానికే ఉంచమని. పంటుని 250 అయ్యేదాకా వాయిదా వెయ్యకు.

లంకకుర్రోడు
కొత్త పేజీ పెడతన్నా. పద్మక్క చెప్పిన ఒక్క పనే పెట్టుకుని గీసా. ఐదే గీసా ఈసారి, ఎర్ర గీతలన్నీ ఉన్నాయి.

పద్మగీతలు
ఐదింట్లో మూడిట్లో నాలుగు గీతలూ ఒకే చోటికి వస్తున్నాయి, రెండుచోట్ల కలవడం పోయింది. ఇప్పుడు రెండోది చెప్తా. మధ్య బాక్సులో నిలువు జట్టు చూడు, మన నుంచి దూరం వెళ్ళేకొద్దీ దగ్గరవ్వాల్సింది పోయి విచ్చుకుంటున్నాయి. దూరపు ముఖం దగ్గరి ముఖం కన్నా పెద్దదైపోయింది. వెనక ముఖం ముందు ముఖం కన్నా ఎప్పుడూ కాస్త చిన్నదే అని చుక్క పెట్టేముందు చూసుకో. ఇంకోటి చిన్నది, నాలుగోదాంట్లో ఒక గీత తప్పితే దాని మీదే ఇంకోటి లాగావ్. అలా చేస్తే ఆ తప్పే ముందు కనపడుద్ది. తప్పినదాన్ని తప్పినట్టే ఉంచి ముందుకెళ్ళిపో.

రాత్రిషిఫ్ట్
మూడు కుదిరాయంటే తేడా బాగా వచ్చినట్టే. మధ్య బాక్సులో కుడి వైపు జట్టు కూడా ఒకసారి చూసుకో, అడుగు గీత ఒక్కటే వేరే వైపు పోతోంది. ఫోటో మీద గుర్తు పెట్టా.

యానాంవాసి
మధ్యలో దూరుతున్నా. ఇదంతా చదివి నేనూ మొదలెడదామనుకుంటున్నా, ఏ పెన్ను, ఏ కాగితం? పెన్సిలు పనికిరాదా?

పద్మగీతలు
0.5 ఫైన్‌లైనర్ (సన్న మొన సిరా పెన్ను) మంచిది, దొరక్కపోతే మామూలు బాల్‌పెన్ను. పెన్సిలైతే చెరిపేద్దాంలే అని చెయ్యి తొందరపడుద్ది, పెన్ను పట్టుకుంటే గీసే ముందే ఆలోచిస్తావ్. మామూలు ఎ4 ప్రింటర్ కాగితం చాలు, ఖరీదైన స్కెచ్‌బుక్ కొనకు, పాడవుద్దని భయంతో గీయలేవు.

సివిల్‌సుబ్బు
ముసురు రోజుల్లో కాగితాలు బయట వదిలెయ్యకండి, మన దగ్గర గాల్లో తడికి మెత్తబడిపోతాయి, ఫైన్‌లైనర్ సిరా పాకేస్తుంది. ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకోండి.

లంకకుర్రోడు
@యానాంవాసి పేజీకి ఐదారు కన్నా ఎక్కువ గీయకండి, పొడిగించే గీతలకి చోటుండాలి. ఎర్ర పెన్ను ఇంకోటి కొనుక్కోండి, నల్లదానికన్నా అదే ముందు అయిపోద్ది.